మా క్యాంపుకు ఓట్ల పెట్టె వచ్చినప్పుడు

కిందటి పంచాయతీ ఎన్నికలు అయిన కొత్తలో, మస్కట్‌లోని మా తెలుగువాళ్ళ వార్షిక సంచికకు నేనొక వ్యాసం రాశాను. రాయచూరు జిల్లాలో తుంగభద్ర కాలువ కింద ఉన్న మా క్యాంపులో తాతల నాటి నుంచి పంచాయతీకి పోటీ అన్నదే లేదనీ, ఆసారి కూడా ఉసేనమ్మ అనే ఆవిడ పెద్దమనసుతో తనంతట తనే తప్పుకుందనీ, ఓట్ల కోసం తలలు పగలగొట్టుకునే ఊళ్ళు మమ్మల్ని చూసి నేర్చుకోవాలనీ అందులో ఉంది. చాలామంది మెచ్చుకున్నారు. ఒకాయన ఫోను చేసి, చదువుతుంటే కళ్ళు చెమర్చాయన్నాడు.

ఆ వ్యాసంలో నేను రాయనిది ఒకటుంది. ఉసేనమ్మ తనంతట తను తప్పుకోలేదు. నేను తప్పించాను. మస్కట్ నుంచి ఫోను చేసి, "ఈసారికి ఆగు, వచ్చేసారి సీటు నీదే, పెద్దలంతా ఒప్పుకున్నారు, నాది పూచీ" అన్నాను. పెద్దల్లో ఎవరూ ఆ మాట అనలేదు. నేను అడగనూ లేదు.

ఈసారి ఎన్నికలకు నేను ఊరెళ్ళి వచ్చాను. వెళ్ళనివాళ్ళ కోసం, అప్పుడు నా వ్యాసం చదివినవాళ్ళ కోసం కూడా, ఇది రాస్తున్నాను.

వెళ్ళకముందు

కాలువ తవ్విన రోజుల్లో కోస్తా నుంచి వచ్చి వరి పెట్టిన రైతుల ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. మాకు పొలాలు, మిల్లులు ఉన్నాయి. మా పొలాల్లో నాట్లు వేసేది రాయచూరు వైపు నుంచి వచ్చి కాలువ అవతల వీధిలో స్థిరపడినవాళ్ళు. ఉసేనమ్మ ఆ వీధి మనిషి. నాట్ల ముఠా నడుపుతుంది. చిన్నప్పుడు క్యాంపు బడిలో నాతో పాటు కొన్నాళ్ళు చదివింది. కిందటిసారి మా వార్డు ఎస్సీ మహిళలకు రిజర్వు అయినప్పుడు, పెద్దలు మిల్లు డ్రైవరు భార్యను అనుకున్నారు. ఆవిడ చెప్పిన చోట సంతకం పెడుతుంది. ఉసేనమ్మ అడిగి మరీ పెడుతుంది. తేడా అంతే.

ఈసారీ అదే రిజర్వేషను వచ్చింది, పెద్దలు మళ్ళీ ఆ డ్రైవరు భార్యనే అనుకున్నారు. ఉసేనమ్మ ఎవరికీ చెప్పకుండా వెళ్ళి నామినేషను వేసింది. మా అక్క మొగుడు వెంకట్రావు బావ మిల్లు యజమాని, క్యాంపు పెద్ద. ఆయన ఫోను చేశాడు. "సెలవు పెట్టి రా. ఇది నీ వల్లే అవుతుంది."

వస్తానన్నాను. వెళ్ళి ఏం చెబుతానో ఆయనకు చెప్పలేదు. నాకూ తెలియదు.

నిజానికి వేరే ఆశ ఒకటి ఉంది. మస్కట్‌లో నా పక్క టేబులు మలయాళీ ప్రతి ఎన్నికకూ టికెట్టు కొనుక్కుని వెళ్ళి, సిరా చుక్కతో తిరిగొచ్చి, అది గోరుతో పాటు పెరిగి పోయేదాకా అందరికీ చూపించేవాడు. నేను పుట్టిన ఊళ్ళో పంచాయతీకి ఒక్కసారీ ఓటు వెయ్యలేదు. అక్కడ ఓటింగే జరగలేదు కదా. ఇప్పుడు మొదటిసారి జరిగేట్టుంది. నేనేమో ఊళ్ళో ఉండనని జాబితాలోంచి పేరు తీసేసి చాలా ఏళ్ళయింది.

కృష్ణ వంతెన

హైదరాబాదులో రైలెక్కితే పెట్టె నిండా కూలీలు. అంతా దేవదుర్గ వైపువాళ్ళు. అక్కడ వానలు పోతే హైదరాబాదు, పుణె వెళ్ళి మేస్త్రీ పనుల్లో బతుకుతారు. పంచాయతీ ఓట్లంటే మాత్రం ఎంత దూరం నుంచైనా వస్తారు. నా ఎదుట దేవప్ప అనే మేస్త్రీ, ఆయన భార్య. ఆవిడ మూట విప్పి, జొన్నరొట్టె మీద వేరుశనగ పొడి వేసి, అడక్కుండానే నా చేతిలో పెట్టింది. కన్నడంలో మాట్లాడుకుంటున్నవాళ్ళు నా తెలుగు విని తెలుగులోకి దిగారు.

"ఎటు దిక్కన్నా?"

"సింధనూరు దగ్గర క్యాంపు. మస్కట్ నుంచి వస్తున్నా."

"అబ్బో! ఓటుకా?"

"నాకు ఓటు లేదు. చూడ్డానికి."

దేవప్ప పెద్దగా నవ్వాడు. "సముద్రం దాటి చూడనీకె వచ్చినవా? ఇనవే, గీ అన్నకు ఓటు లేదంట!"

"ఊరుకో. పాపం ఎవరూ పిలువలేదేమో" అంది ఆవిడ.

"పిలిచారమ్మా. మా బావ రమ్మన్నాడు."

"ఓటు లేనోణ్ని ఎందుకు పిలుస్తరన్నా? ఏం పని?"

రొట్టె నములుతూ కిటికీలోంచి చూశాను. దేవప్ప అదేమీ పట్టించుకోలేదు. "హైదరాబాదుల నన్ను 'ఏయ్ మేస్త్రీ' అంటరు. ఎన్నేండ్లయినా అంతే. ఓట్లొచ్చినప్పుడు మా ఊరోళ్ళు ఫోన్ చేసి 'దేవప్పా, ఊటమైందా, తిన్నవా' అంటరు. పేరు పెట్టి పిలుస్తరు. గది ఇడిసిపెడ్తనా?"

రైలు కృష్ణ మీదికి రాగానే అందరూ కిటికీల వైపు జరిగి నదికి దండం పెట్టారు. దేవప్ప భార్య ఒక నాణెం విసిరింది. అవతల గట్టు మీద థర్మల్ స్టేషను గొట్టాలు పొగ వదులుతున్నాయి. ఆ పొగ కనిపిస్తే నాకు ఊరొచ్చినట్టే. మస్కట్‌లో రిఫైనరీ పొగ చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఇదే. ఈ మాట ఎవరికైనా చెబితే నవ్వుతారు.

రాయచూరు బజారు

రాయచూరులో పొద్దుటి పూట తినవలసింది వగ్గాణి. మరమరాలు నీళ్ళలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప తిరగమోతలో వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. నలభై రూపాయలు. మస్కట్‌లో ఆ డబ్బుకు ఒక చాయ్ వస్తుంది. అక్కడ సెలవని శుక్రవారాలు మా ఆవిడ వగ్గాణి చేస్తుంది కానీ, అక్కడి మరమరాలు తడవగానే ముద్దయిపోతాయి. రెండో ప్లేటు తిన్నాను. బజ్జీ కారానికి కళ్ళనీళ్ళు వస్తుంటే బండివాడు, "సార్ పరదేశం నుంచి వచ్చిండు" అని పక్కవాడికి కనిపెట్టి చెప్పాడు.

టార్పాలిన్ పట్టాలు, తాళ్ళు అమ్మే శెట్టిగారి దుకాణంలో మా క్యాంపువాళ్ళకు పాత ఖాతా. కనపడగానే కూర్చోబెట్టాడు.

"రాండ్రి రాండ్రి. మీ క్యాంపుల ఎలక్షనంట, నిజమేనా? మా నాయిన జమానా నుంచి చూస్తున్న. మీరు తాంబూలం ఎత్తుడే గాని ఓటు ఏసింది లేదు."

ఆ తాంబూలం సంగతి చెప్పాలి. ఎన్నికలు వస్తే మిల్లు వసారాలో పెద్దలు ఒక పళ్ళెంలో తమలపాకులు, వక్కలు పెట్టి కూర్చుంటారు. ఎవరి పేరు అనుకున్నారో వాళ్ళు పళ్ళెం ఎత్తుతారు. పోటీలో ఉన్న మిగతావాళ్ళు తలా ఒక ఆకు తీసుకుంటారు. ఆకు తీసుకున్నారంటే సరేనన్నట్టు. వెళ్ళి నామినేషను వెనక్కి తీసుకోవాలి. కిందటిసారి నా ఫోను తర్వాత ఉసేనమ్మ అలాగే ఒక ఆకు తీసుకుంది.

"ఎవరో అమ్మ జిద్దు పట్టిందంట కదా?" అన్నాడు శెట్టి.

"ఉసేనమ్మని..."

"షాబాష్! నా సలాం చెప్పండ్రి ఆమెకు."

ఉసేనమ్మ హిందువే. పీర్లకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు ఇక్కడ ఆ పేర్లు పెడతారు. కోస్తాలో మా చుట్టాలకు చెబితే ఇప్పటికీ నమ్మరు.

క్యాంపు

సింధనూరు రోడ్డు మీద కాలువ కనిపించగానే గాలి మారుతుంది. రెండో పంటకు మళ్ళు దున్ని నీళ్ళు పెట్టారు. ఆ బురద వాసన కోసం బస్సు కిటికీ తీసి తల బయట పెట్టాను. కండక్టరు కన్నడంలో తిట్టాడు.

"ఏవిట్రా ఆ చొక్కా? ఎడారిలో అలాంటివే దొరుకుతాయా?" అన్నాడు బావ. ఆయన ప్రేమ అలాగే ఉంటుంది. భోజనాల దగ్గర అసలు సంగతికి వచ్చాడు.

"నీ మాటంటే దానికి గురిరా. కిందటిసారి నువ్వు చెప్తేనేగా ఆగింది."

"వచ్చేసారి నీదే అన్నాను బావా."

"అంటే ఏమైంది? అనకపోతే ఆగేదా? ఇప్పుడూ అను."

ఆయన చెడ్డవాడు కాదు. మాది కాలువ చివర. పక్క ఊళ్ళో ఓట్ల గొడవ తర్వాత ఒకళ్ళ మడికి ఒకళ్ళు నీళ్ళు వదలడం మానేశారు. "మనం చీలితే చివరి మడి ఎండిపోద్ది" అన్నాడు. ఆ భయం నిజమైనదే.

అక్క పెరుగు వడ్డిస్తూ, "దాన్ని ఆగమంటానికి మస్కట్ నించి మనిషిని దింపారు. దాని విలువెంతో మీరే చెప్తున్నారు" అంది. బావ విననట్టే తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే తాంబూలం పళ్ళెం మీద తువ్వాలు కప్పి నా చేతిలో పెట్టాడు. ఉపసంహరణకు గడువు ఆ మర్నాడే. "మిల్లుకు రానంది. నువ్వే తీసుకెళ్ళు. ఒక్క ఆకు తీసుకుంటే చాలు."

కాలువ అవతల

ఉసేనమ్మ వీధికి వెళ్ళాలంటే పిల్లకాలువ దాటాలి. వంతెన లేదు. పాత కరెంటు స్తంభం ఒకటి అడ్డంగా వేసుకున్నారు. రెండు చేతులూ చాపితే గాని దాని మీద నిలవలేం. పళ్ళెంతో దాటడం నా వల్ల కాదు. ఇవతల తూము గోడ మీద పెట్టి నడిచాను. సగంలో కాలు జారి మోకాలి దాకా నీళ్ళలో దిగబడ్డాను.

ఉసేనమ్మ పొయ్యి ముందు రొట్టెలు తడుతోంది. నా ప్యాంటు చూసి నవ్వింది.

"అందరూ ఒక్కపారి పడ్తరు. మా కోడలు పడ్డది, నువ్వు పడ్డవ్. నేను గెలుస్తె మొదటి పని గదే, చిన్న పూల్ కట్టిపిస్త. కూసో శీనన్నా."

కూర్చున్నాను. రొట్టె పెట్టి, నువ్వుల నూనెలో మగ్గిన వంకాయ వేసింది.

"మళ్ళ ఆగుమని చెప్పనీకె వచ్చినవా?"

"లేదు" అన్నాను. ఆ నిమిషంలో అది నిజమైంది.

"నువ్ జబాన్ ఇచ్చినవ్. వచ్చేపారి నీదే అన్నవ్. నేను ముఠాల అందరికి చెప్పుకున్న, 'శీనన్న చెప్పిండు' అని. మొన్న పెద్దోళ్ళను అడుగుతె నవ్విండ్రు. 'ఎవరన్నరు గట్ల?' అన్నరు. నీ పేరు చెప్తె, 'వాడెక్కడనో ఉంటడు, ఎందుకంటడు, నువ్వే కల్పించినవ్' అన్నరు. మా ఆడోళ్ళ ముందల. నా ఇజ్జత్ పాయె. సీటు పోతె పోనీ, అబద్ధాలదాన్ని అయితి."

ఇంకో ముక్క తుంచి వంకాయలో అద్దుకున్నాను. "రొట్టె బాగుంది" అన్నాను.

"రొట్టె సంగతి అడుగలే" అంది.

తిరిగి స్తంభం దాటి, తూము గోడ మీద కూర్చుని ప్యాంటు పిండుకున్నాను. ఎండ హాయిగా ఉంది. కాలువ నీళ్ళ చప్పుడు. మా నాన్న అన్నం తిన్నాక ఇక్కడే కూర్చుని ఆకు నమిలేవాడు. మస్కట్‌లో నాకు లేత తమలపాకు దొరకదు. ఉసేనమ్మ అన్నవి తలుచుకుంటూ ఎప్పుడు చెయ్యి చాపానో తెలియదు. తువ్వాలు కిందినుంచి ఒక ఆకు, ఒక వక్క తీసి నోట్లో వేసుకున్నాను.

మిల్లు దగ్గర బావ తువ్వాలు ఎత్తి చూశాడు. ఆకులు లెక్కపెట్టి పెట్టినట్టున్నాడు. మొహం విప్పారింది. "తీసుకుందండీ!" అని వసారాలోకి కేకేశాడు.

నా నోట్లో ఆకు ఇంకా ఉంది. సున్నం లేదు కాబట్టి నోరు పండలేదు. ఎవరూ గమనించలేదు. మింగేసి, ఇచ్చిన టీ తాగాను.

మిల్లు వసారా

గడువు దాటినా ఉసేనమ్మ నామినేషను వెనక్కి తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటుంది? ఆవిడ పళ్ళెం చూడనే లేదు. కానీ సాయంత్రానికి క్యాంపంతా ఒకటే మాట. "ఆకు తీసుకుని మాట తప్పింది." మా ఊళ్ళో అంతకంటే పెద్ద తప్పు లేదు. ఒక రైతు ఆవిడ ముఠాను ఈ ఏడు పిలవనన్నాడు. ఆవిడ ముఠాలో మనిషే మా అక్కతో, "తీసుకోకుంటె తీసుకోలేదని ప్రమాణం చెయ్యొచ్చు కదా" అందట.

నేను రెండు రోజులు చుట్టాల ఇళ్ళకు తిరిగాను. ప్రతిచోటా పులిహోర, ప్రతిచోటా ఇదే కబురు. "మస్కట్ నించి వచ్చిన మనిషి మొహం చూసైనా మాట మీద నిలబడాల్సింది" అని నా మీద జాలిపడేవాళ్ళు. తినబుద్ధయ్యేది కాదు.

మూడో రోజు మిల్లుకు వెళ్ళాను. పెద్దలంతా పేపరు చూస్తున్నారు.

"బావా, ఆ ఆకు నేను తిన్నాను."

"ఏ ఆకు?"

"పళ్ళెంలోది. ఉసేనమ్మకు పళ్ళెం చూపించలేదు. తూము దగ్గర కూర్చుని నేనే తిన్నాను."

ఒక ముసలాయన కళ్ళద్దాలు తీసి, "వక్క కూడానా?" అన్నాడు.

"వక్క కూడా."

వసారా అంతా నవ్వింది. బావ నవ్వలేదు. నేను నవ్వులు ఆగేదాకా నిలబడి, కిందటిసారి ఫోనులో ఇచ్చిన మాట కూడా నేనే ఇచ్చాననీ, ఆవిడ కల్పించలేదనీ చెప్పాను. అప్పుడు నవ్వులు నిజంగా ఆగాయి.

"ఇది ఇప్పుడే చెప్పాలా? ఓట్లయ్యేదాకా ఆగలేకపోయావా?" అన్నాడు బావ.

"ఇప్పటికే ఎక్కువ ఆగాను."

ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను ఉన్నన్నాళ్ళూ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆ పూట అక్క గారెలు చేసింది. ఎందుకో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

బడి ముందు

పోలింగు రోజు క్యాంపువాళ్ళు పెళ్ళికి తయారైనట్టు తయారయ్యారు. ఆడవాళ్ళు పూలు పెట్టుకున్నారు. నేను అఆలు దిద్దుకున్న గదిలో ఓట్ల పెట్టె. అంతకుముందు ఎమ్మెల్యే ఓట్లకు పక్క ఊరు వెళ్ళేవాళ్ళం. మా కోసం, మాలో ఒకరి కోసం, మా బళ్ళోకి పెట్టె రావడం ఇదే మొదలు.

సున్నంతో గీసిన గీత ఇవతల నిలబడ్డాను. వరసలో బావ ఉన్నాడు. ఆయన ముందు ఉసేనమ్మ ముఠా మనిషి, వెనక మిల్లు హమాలీ. ఇంకెక్కడా ఆయన అలా ఒకరి వెనక నిలబడగా నేను చూడలేదు. కానిస్టేబులు దగ్గరికొచ్చాడు.

"ఓటుందా?"

"లేదు."

"మరి ఇక్కడేం పని? అటు జరగండి."

ఈ ప్రశ్న నన్ను రైలు నుంచీ వెంటాడుతోంది. టీ కొట్టు దగ్గరికి జరిగాను. అక్కడి నుంచీ వరస కనపడుతుంది. నాతో గోళీలాడినవాళ్ళు, మా అమ్మతో మజ్జిగ పంచుకున్నవాళ్ళు, ఒక్కొక్కళ్ళే లోపలికి వెళ్ళి, వేలు ఎత్తి పట్టుకుని వస్తున్నారు. ఒక ముసలమ్మ సిరా ఆరేదాకా ఊదుకుంటూ నిలబడింది. విదేశంలో ఉంటే ఊరు దూరమవుతుందని అందరూ అంటారు. ఊళ్ళోనే ఉండి, బడికి కొద్ది గజాల దూరంలో నిలబడి, ఆ వరసలో ఒక్క చోటు కోసం ఇంతగా తపించిపోతానని నేను అనుకోలేదు. ఎవరినో వెనక్కి నెట్టడానికి నా మాట సముద్రం దాటి వచ్చింది. ముందుకు నెట్టడానికి చేతిలో ఒక్క చీటీ లేదు.

లెక్కింపు నా ప్రయాణం తర్వాత. ఉసేనమ్మ కొద్ది ఓట్లతో ఓడిపోయిందని అక్క మస్కట్‌కు ఫోను చేసి చెప్పింది. చివరి మడికి నీళ్ళు వస్తూనే ఉన్నాయని కూడా చెప్పింది. ఫలితం ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆవిడ దగ్గరికి నేను వెళ్ళింది అది తెలియక ముందు.

నాట్ల మడి

తిరుగు ప్రయాణం రోజు, బస్సుకు ఇంకా టైముంది. ఉసేనమ్మ ముఠా రోడ్డు పక్క మడిలోనే నాట్లు వేస్తోంది. వంగిన నడుములు, వెనక్కి వెనక్కి కదిలే వరస. గట్టు మీద నిలబడి పిలిచాను.

ఉసేనమ్మ నడుం ఎత్తింది. చేతిలో నారు కట్ట. "ఆకు సంగతి తెలిసింది శీనన్నా. మా ముఠా అంత నవ్వి నవ్వి సచ్చింది. వక్క గూడ ఇడిసిపెట్టలేదంట కదా!"

"అది కాదు. వేరే మాట. వాళ్ళు కూడా వినాలి."

"ఎందుకు?"

"నా మాట నువ్వు వాళ్ళకే కదా చెప్పుకున్నావు."

ఆవిడ వెనక్కి తిరిగి, "ఏయ్, ఆగుండ్రి" అంది. ఆడవాళ్ళంతా నడుములు నిలిపారు. బురద చేతులతో అలాగే చూస్తున్నారు. చెప్పులు విప్పి మడిలోకి దిగాను. గట్టు మీద ఎత్తున నిలబడి చెప్పే మాట కాదది.

"కిందటిసారి నేను ఉసేనమ్మకు ఫోను చేసి, వచ్చేసారి సీటు నీదేనన్నాను. పెద్దలు ఒప్పుకున్నారన్నాను. అబద్ధం. ఎవరినీ అడగలేదు. ఆవిడ మీతో చెప్పినవన్నీ నేను చెప్పినవే. తను కల్పించింది ఒక్క ముక్క లేదు. తర్వాత తనే తప్పుకుందని మస్కట్‌లో పుస్తకంలో రాశాను. అదీ అబద్ధమే. అక్కడా దిద్ది రాస్తాను. మొన్న నీ రొట్టె తింటూ కూడా చెప్పలేకపోయాను. తప్పు నాది ఉసేనమ్మా. నీ మాట పోయేట్టు చేశాను. నన్ను క్షమించు."

ఆవిడ నారు కట్ట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"గా చివర ముసలామెకు ఇనపడలే. గట్టిగ చెప్పు" అంది.

నేను మొదటినుంచీ మళ్ళీ, ఈసారి గట్టిగా, చెప్పాను.